నాలుగో దశ

గుడ్డ కోసే ముందు ఆమె ఎప్పుడూ గుండె మీద చెయ్యి వేసుకునేది.

దూరం నుంచి చూసేవాళ్ళు మొక్కుకుంటోంది అనుకునేవారు. కొత్తగా వచ్చినవాళ్ళు గుండెనొప్పేమోనని కంగారు పడేవారు. రెండూ కాదు. పనిలో కూర్చునేటప్పుడు ఆమె తన బట్టల మీద భర్త పాత చొక్కా తొడుక్కునేది. ఆ చొక్కాకి కాజాలు ఎటువైపు ఉన్నాయో వేలితో తడిమి చూసుకునేది. అంతే.

గుండీ దూరే కన్నమే కాజా. మగవాళ్ళ చొక్కాకి అది తొడుక్కున్నవాడి ఎడమవైపు ఉంటుంది. ఆడవాళ్ళ కోటుకి కుడివైపు. బల్ల మీద వెల్లకిలా పరిచిన బట్టకి కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎంత అలవాటున్న కన్నైనా అక్కడ మోసపోతుంది. అందుకని ఆమె ఒంటి మీద ఉన్నదాన్నే నమ్మేది. మగవాళ్ళదైతే వేలు చెప్పిన వైపు, ఆడవాళ్ళదైతే రెండో వైపు. వేలు ఎడమ పట్టీ మీది కాజాలో కాస్త దూరేది. ఆ తర్వాత చిన్న ఉలి పెట్టి, కొయ్య సుత్తితో ఒక్కటే దెబ్బ వేసేది. గుండె మీద చెయ్యి వేసి చెప్పమంటారు మనుషులు. ఆమె గుండె మీద చెయ్యి వేసి కోసేది.

కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. వదులైతే బిగించవచ్చు. కాజా మాత్రం పడితే పడినట్టే. ఆ భయంతోనే ఆ వీధిలో దర్జీలు చొక్కా అంతా తామే కుట్టి, కాజాలకి మాత్రం ఆమె దగ్గరికి పంపేవారు. ఆమె జీవితంలో ఒక్క చొక్కా కూడా కుట్టలేదు. కుట్టడం రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడేదీ కాదు. పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె కాజాలక్క.

ఆమె చోటు ఒక మేడ మెట్ల కింద. కూర్చుంటే సరిపోతుంది, లేస్తే తల తగులుతుంది. ఒక బల్ల, ఒక స్టూలు, ఒక బల్బు. దారానికి రాయడానికి మైనం ముద్ద, దాని నిండా దారం కోసిన గాట్లు. వానలు పడితే గోడ చెమ్మగిల్లేది. ఆ గోడ నిజానికి గోడ కాదు, చెక్కల అడ్డం. దాని అవతల ట్యుటోరియల్ కాలేజీ. అక్కడి లెక్చరరు ప్రతి ఏడూ వానలు మొదలయ్యే రోజుల్లో ఒకే పాఠం చెప్పేవాడు. ప్రతి ఏడూ ఆమె వినేది.

ఆ పాఠం ఒక తత్వవేత్త గురించి. మనుషులు ఒకరి పని ఇంకొకరు ఎందుకు చేసిపెడతారో జీవితమంతా ఆలోచించినవాడట. లెక్చరరు ఆయన పేరు చాలా గౌరవంగా పలికేవాడు. చెక్కల్లోంచి వచ్చేసరికి ఆ పేరు నలిగిపోయేది. ఆమె ఆయన్ని పాఠంలో పెద్దాయన అనేది.

పెద్దాయన లెక్కలో చరిత్రకి నాలుగు దశలు. మొదటిది వేట. దొరికిన రోజు తినడం, దొరకని రోజు పడుకోవడం. రెండోది మందలు. మంద ఎవరిదో వాడి వెనకే మనుషులు నడుస్తారు. మూడోది సేద్యం, భూమంతా దొరది. నాలుగోది అంగడి. మూడు నుంచి నాలుగుకి ఎలా వచ్చామో చెప్పేటప్పుడు లెక్చరరు గొంతు పెరిగేది. ఆమె సూది నెమ్మదించేది.

"దొర గాదెల్లో గింజలున్నాయి. కొనుక్కుందామంటే వస్తువుల్లేవు. ఆ గింజలన్నీ ఏం చేసుకుంటాడు? మనుషులకి పెడతాడు. అన్నం తిన్న మనుషులు ఏమవుతారు?"

పిల్లలంతా ఒక్కసారే అరిచేవారు. "దొర మనుషులవుతారు."

మెట్ల కింద ఆమె కూడా పెదవులు కదిపేది.

తర్వాత వర్తకుడు వస్తాడు. సంచిలోంచి పట్టు తీస్తాడు, అద్దం తీస్తాడు. దొర కళ్ళు వాటి మీద పడతాయి. మనుషులకి పెట్టే గింజలు ఇప్పుడు అద్దానికి పోతాయి. తిండి లేని మనుషులు ఊరు విడిచి పట్నానికి పోయి, అవే అద్దాలు చేసి బతుకుతారు. దొర చేతిలో అద్దం మిగులుతుంది. దాంట్లో చూసుకుంటే వెనక మనుషులు ఉండరు. దొర సోకుకి పోయాడు, వర్తకుడు లాభానికి పోయాడు, ఎవరూ ఎవరి మేలూ కోరలేదు, మనుషులు మాత్రం ఆ సందులోంచి బయటపడ్డారు అనేవాడు లెక్చరరు.

ఈ ముక్క ఆమెకి చాలా ఇష్టం. ఆ సందులోంచి బయటపడ్డవాళ్ళలో తనూ ఒకతె అనుకునేది. ఏడు కొట్లకి పనిచేసేది. ఒకడు మొహం మాడ్చుకుంటే ఆరుగురు ఉన్నారు. గుండీ ఎక్కడో ఎవరో చేస్తారు, కాజా ఇక్కడ తను చేస్తుంది, వాళ్ళ మొహం తను చూడదు, తన మొహం వాళ్ళు చూడరు, అయినా గుండీ కాజాలో పడుతుంది. లోకం ఇలా నడుస్తుందని ఆమె నమ్మకం. ఇది మంచి ఏర్పాటనీ నమ్మకం.

ఏడుగురిలో బక్క మాస్టరుకి మాత్రం నోరు ఎక్కువ. దర్జీలందరినీ మాస్టరనే పిలుస్తారు. అతన్ని బక్క అనడానికి కారణం మనిషిని చూస్తే తెలుస్తుంది.

"అక్కా, నాది ముందు చేసిపెట్టు. కస్టమరు కొట్లో కూర్చున్నాడు."

"కూర్చోనీ. కుర్చీ ఉందిగా."

"అది నా కుర్చీ అక్కా."

"నువ్వు కూర్చున్నా అది ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది తమ్ముడూ. ఎవడో ఒకడు నీ ఒళ్ళో కూర్చునేదాకా తెలీదు. వరసలో పెట్టు."

వరసలో పెట్టు అన్నది ఆమె మాట. ముందు వచ్చింది ముందు. ఎవరి కట్ట అయినా అడుగున చేరాల్సిందే.

పాఠంలో ఆమెకి నచ్చని ముక్క కూడా ఒకటుంది. జీవితమంతా ఒకే చిన్న పని చేసే మనిషికి ఆలోచించాల్సిన అవసరం పడదని, మెల్లగా బుర్ర మొద్దుబారిపోతుందని పెద్దాయన అన్నాడట. అంగడి దశని అంత మెచ్చుకున్నవాడే ఈ మాట కూడా అన్నాడు. అక్కడికి రాగానే ఆమె సూది ఆగిపోయేది.

ఒకసారి ఆ ముక్క వినపడే వేళకి బక్క మాస్టరు అక్కడే ఉన్నాడు.

"మనల్నే అంటున్నాడక్కా."

"నిన్ను కాదులే. మొద్దుబారాలంటే ముందు పదునుండాలి."

అని నవ్వింది గానీ, ఆ పూట దారం రెండుసార్లు చిక్కుపడింది.

వీధి చివర అద్దాల తలుపుల షోరూం వచ్చి కొన్నాళ్ళయింది. ఒక ఉదయం దాని ఓనరు స్వయంగా వచ్చాడు. మెట్ల కిందికి నడుం వంచి తొంగిచూశాడు. ఆమె కంటే చిన్నవాడు. మర్యాద తెలిసినవాడు.

"కాజాలమ్మా, మిషను కాజాలు కోట్లకి ఆగడం లేదు. మీ చెయ్యి కావాలి. నెలజీతం ఇస్తాను. మంచి గది, వీపుకి ఆనే కుర్చీ. వానొచ్చినా ఎండొచ్చినా మీకు సంబంధం లేదు. ఒక్కటే షరతు. బయటి పని పట్టుకోకూడదు."

ఆమె ఆ సాయంత్రం భర్తకి చెప్పింది. ఆయన సరుకుల వ్యాను నడుపుతాడు. ఆమె మోకాళ్ళు ఎలా ఉన్నాయో ఆయనకి తెలుసు. లేచేటప్పుడు ఆమె బల్ల పట్టుకోవడం రోజూ చూస్తున్నాడు.

"నీ దశ తిరిగింది. ఇంకా ఆలోచన ఎందుకు?"

"ఏడు కొట్లు వదిలేయాలండీ."

"ఏడుగురు ఇచ్చేది ఒక్కడే ఇస్తానంటుంటే నీకేం నష్టం? కుర్చీకి వీపు కూడా ఉందంటున్నావు."

మర్నాటికల్లా వీధంతా అదే మాట. కాజాలక్క దశ తిరిగింది. బక్క మాస్టరు ఒక్కడే పెదవి విరిచాడు. ఆమె వెళ్ళిపోతే మెట్ల కింద చోటు వెళ్ళిపోతుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే అతను ఒకడు అప్పటికే వచ్చి టేపుతో కొలుచుకుపోయాడు. మేడవాళ్ళు అతనికి సరే అన్నాక మళ్ళీ అడిగి లాభం లేదు. ఆమెకి అది తెలుసు. అందుకే ఓనరుకి ఒక మాట చెప్పి పంపింది. ఒక్కరోజు పని చేసి చూస్తాను, ఆ సాయంత్రం అవునో కాదో చెప్పేస్తాను అని.

షోరూం పైగది తెల్లగా ఉంది. దీపాల వెలుగు నీడలు లేకుండా పడుతోంది. కుర్చీ నిజంగానే బాగుంది. కూర్చోగానే వీపులో ఏదో ముడి విడినట్టయింది. ఇంతకాలం ఆ ముడి ఉన్నట్టే తెలియలేదు. పక్కన గోడ గట్టిగా ఉంది. దాంట్లోంచి ఏమీ వినిపించదు.

అక్కడ పనివాళ్ళందరికీ ఒకే రకం పైకోటు. ఆమెకీ ఒకటి ఇచ్చారు. నల్లది, ముందు జిప్పు. భర్త చొక్కా విప్పి, మడిచి సంచిలో పెట్టుకుంది.

పని ఒక హోటలు సిబ్బందికి కోట్లు. మగవాళ్ళవీ ఆడవాళ్ళవీ ఒకే గుడ్డ, ఒకే వదులు. గుర్తుకి ఒక చీటీ గుచ్చి ఉంది. ముందు ఆడవాళ్ళ కట్ట ఇచ్చారు. ఆమె మొదటి కోటు పరిచింది. చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. చల్లటి జిప్పు తగిలింది. చెయ్యి వెనక్కి వచ్చింది. కోసింది.

పొరపాటు అక్కడ జరిగింది. వేలికి కాజా దొరకలేదు. దొరకలేదన్న సంగతి వేలు ఎవరికీ చెప్పలేదు. తాకడం అయింది కదా, ఇక కోయవచ్చు అనుకుంది మనసు. చెయ్యి తనకి బాగా అలవాటైన వైపుకే పోయింది. ఆమె కుర్చీ గురించి ఆలోచిస్తోంది. ఇలాంటి కుర్చీలో చివరిదాకా కూర్చోవచ్చునని. కట్ట అంతా కోసేసింది.

మధ్యాహ్నం కటింగు మాస్టరు వచ్చి ఒక కోటు ఎత్తి చూశాడు. ఇంకొకటి ఎత్తాడు.

"ఆడవాళ్ళ కోట్లకి మగ కాజాలు. ఎవరండీ ఈ ఘనకార్యం?"

గదిలో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో నవ్వారు.

"నేనే," అంది ఆమె.

"వీధంతా పొగిడితే ఏమో అనుకున్నాను. కుడీ ఎడమా తెలీదా అమ్మా?"

తిట్టనీ, తిట్టే హక్కు ఉంది అనుకుంది ఆమె. ఏళ్ళ క్రితం బక్క మాస్టరు చొక్కా ఒకటి ఇలాగే పాడు చేసింది. అతను పొద్దుటి నుంచీ తిట్టాడు. ఆమె గుడ్డ కొని ఇచ్చింది. సాయంత్రానికి అతనే ఇంకో చొక్కా పట్టుకొచ్చి, నాది ముందు చెయ్యక్కా అన్నాడు. ఆమె వరసలో పెట్టమంది. అక్కడితో ఆ విషయం అయిపోయింది.

అంతలో ఓనరు లోపలికి వచ్చాడు. కోట్లు చూశాడు. అరవలేదు.

"ఏంటి మాస్టరూ ఆ మాటలు? కాజాలమ్మ మన మనిషి. మన మనిషి తప్పు చేస్తే మనం కడుపులో పెట్టుకోవాలి. నష్టం నేను చూసుకుంటాను. అమ్మా, మీరు దిగులు పడకండి. ముందు టీ తాగండి."

కటింగు మాస్టరు "అవునండి" అన్నాడు. నవ్వినవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళు ఆమెని చూసే చూపు మారింది. ఓనరు మనిషిని చూసినట్టు చూస్తున్నారు.

టీ వచ్చింది. బాగుంది. ఆమె తాగుతుంటే ఓనరు తలుపు దగ్గర ఆగి, "అన్నట్టు, ఇంట్లో మా అమ్మవి పాత జాకెట్లు కొన్ని ఉన్నాయి, రేపు కాస్త ముందొచ్చి అవి కూడా చూడండి," అన్నాడు.

చెడ్డ ఉద్దేశంతో అన్నది కాదు. మనవాళ్ళని అడిగినట్టే అడిగాడు. వీధిలో అయితే ఆమె వరసలో పెట్టమనేది. ఇక్కడ ఆ మాట రాలేదు. ఆయన టీ ఇంకా నోట్లోనే ఉంది.

కప్పు కింద పెట్టింది. గోడలోంచి ఏమీ వినిపించలేదు. అయినా లెక్చరరు అడిగే ప్రశ్న ఆమెకి వినిపించింది. అన్నం తిన్న మనుషులు ఏమవుతారు?

ఆమె లేచి, పైకోటు విప్పి కుర్చీకి వేలాడదీసింది. సంచిలోంచి భర్త చొక్కా తీసి తొడుక్కుంది. కటింగు మాస్టరు చేతిలోని కోటు అడిగి తీసుకుంది.

"ఏం చేస్తారు?" అన్నాడతను. "కోసిన కాజాని అతికిస్తారా?"

"మూస్తాను. కోటు గుండీ పెద్దది. సరిగ్గా దాని మీద కూర్చుంటుంది. కాజాలు రెండో వైపు కొత్తగా తీస్తాను."

కోసిన నోళ్ళని ఆ గుడ్డ రంగు దారంతోనే అంచూ అంచూ కలిపి కుట్టింది. ఎదురు పట్టీ మీద కొత్త కాజాలు తీసింది. ప్రతి కోటుకీ ముందు గుండె మీద చెయ్యి వేసుకుంది. మూసిన చోట్ల గుండీలు వేసే పని తనది కాదు, అయినా తనే వేసింది. సాయంత్రం అయింది. కటింగు మాస్టరు మధ్యలో రెండుసార్లు వచ్చి నిలబడి చూశాడు. రెండోసారి ఆమె వైపు దీపం కాస్త వంచి వెళ్ళాడు.

చివరి కోటు మడిచే వేళకి ఓనరు వచ్చాడు.

"ఎందుకమ్మా ఇంత శ్రమ? వదిలేయమన్నానుగా."

"వదిలేస్తే మీ దగ్గర ఉండిపోతుంది బాబూ."

"ఏది?"

"నా తప్పు."

ఆయనకి అర్థం కాలేదు. ఆమె ఒక కోటు విప్పి గుండీ పక్కకి వంచి చూపింది. కింద మూసిన గీత కనిపించింది.

"గుండీ ఊడితే ఇది బయటపడుతుంది. ఊడిన రోజు నా దగ్గరికి పంపండి, ఊరికే చేసిస్తాను. ఈ రోజు కూలి నాకొద్దు. కోట్లు మీకు ముట్టాయి. నేను మెట్ల కిందే ఉంటాను. మీ కాజాలు అక్కడికి పంపండి, మీది ఎనిమిదో కొట్టు."

"ఇక్కడ మీకేం తక్కువైంది? ఒక్క మాటన్నానా?"

"అనలేదు. అదే కష్టంగా ఉంది."

"మీ మేలు కోరే కదా చెప్పాను."

"తెలుసు బాబూ. మీ మేలు మీరు కోరుకోండి. నా మేలు నేను కోరుకుంటాను. ఇద్దరికీ పని జరుగుతుంది. అమ్మగారి జాకెట్లు కూడా పంపండి, వరసలో పెడతాను."

ఆయన మొహం కాస్త చిన్నబోయింది. తలుపు దాకా వచ్చి, "పోనీ కుర్చీ అయినా బాగుందా?" అని అడిగాడు.

"కుర్చీ చాలా బాగుంది," అంది ఆమె. నిజమే చెప్పింది.

మేడ దగ్గరికి వచ్చేసరికి లెక్చరరు మెట్లు దిగుతున్నాడు. చేతిలో సుద్దముక్క ఇంకా ఉంది. ఆమె ఆయనతో మాట్లాడేది తక్కువ. ఆ రోజు ఆపింది.

"సార్, మీ పాఠంలో పెద్దాయన మొద్దుబారడం గురించి ఒక ముక్క అంటాడు కదా."

లెక్చరరు ఆశ్చర్యంగా చూశాడు. "మీకు వినిపిస్తుందా అమ్మా?"

"ఇన్నేళ్ళూ ఆ ఒక్క ముక్కా తప్పనుకున్నాను. తప్పు కాదు సార్. ఇవాళ నా చెయ్యి నన్ను అడక్కుండా పని చేసేసింది."

లెక్చరరు కాసేపు సుద్దముక్కని వేళ్ళ మధ్య తిప్పాడు. "దానికి ఆయన మందు కూడా చెప్పాడమ్మా. పనిచేసేవాళ్ళకి చదువు ఉండాలన్నాడు. అది సిలబస్‌లో లేదు. నేను చెప్పను."

"సిలబస్‌లో లేకపోయినా చెప్పండి సార్. వినేవాళ్ళున్నారు. గోడ పల్చనే."

ఆయన నవ్వాడు. ఆమె మేడవాళ్ళ తలుపు తట్టి, మెట్ల కింద చోటు తనకే ఉంచమని చెప్పి, ఇంటికి నడిచింది.

భర్త వ్యాను కడుగుతున్నాడు. విషయం విని గుడ్డ బకెట్లో పడేశాడు.

"దశ తిరిగిందని వీధంతా చెప్పాను. ఇప్పుడేం చెప్పను?"

"తిరిగిందనే చెప్పండి. వెనక్కి తిరిగింది. ఆ కుర్చీలో కూర్చోగానే నాలుగు నుంచి మూడుకి పోయింది. అందుకే దిగి వచ్చేశాను."

"నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు."

"ఆ గోడ పక్కన కూర్చుంటే అర్థమవుతుంది."

"వ్యానుకి గోడ ఎక్కడుంది?" అన్నాడాయన. గుడ్డ మళ్ళీ తీసి పిండాడు. కాసేపటికి, "మోకాళ్ళ సంగతి?" అన్నాడు.

"స్టూలు కాస్త ఎత్తు పెంచుకోవాలి," అంది ఆమె. ఆయన వ్యాను వెనక వెతికి, ఒక పాత సీటు దిండు తీసి దులిపి, ఆమె సంచి పక్కన పెట్టాడు.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి మెట్ల ముందు ఇద్దరు నిలబడి ఉన్నారు. బక్క మాస్టరు చేతిలో ఒక చొక్కా. షోరూం కటింగు మాస్టరు భుజం మీద ఒక కట్ట, దాని పైన పాత జాకెట్లు.

"ఓనరు గారు ఇవి ముందు కావాలన్నారు," అన్నాడు కటింగు మాస్టరు.

"నేను ముందొచ్చానక్కా," అన్నాడు బక్క మాస్టరు. "ఈయన చూశాడు కూడా. గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పమను."

కటింగు మాస్టరు అటూ ఇటూ చూసి, "ఆయనే ముందొచ్చాడు," అన్నాడు.

"అయితే వరసలో పెట్టండి," అంది ఆమె.

స్టూలు మీద దిండు వేసుకుని కూర్చుంది. దారానికి మైనం రాసింది. బక్క మాస్టరు చొక్కా బల్ల మీద పరిచింది. చెయ్యి గుండె మీదికి వెళ్ళింది, వేలు ఎడమ పట్టీ కాజాలో దూరింది. ఆమె తల వంచి, వేలు ఉన్న చోటుని కళ్ళతో కూడా చూసుకుంది. ఆ తర్వాత కోసింది.